మావారూ, మా అమ్మాయీ, మా పాత వ్యానూ

పెళ్ళయి అమెరికా వచ్చిన కొత్తలో మావారు నాకంటూ కొన్న మొదటి వస్తువు చీరా కాదు, నగా కాదు. ఒక వ్యాను! 1984లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో మేము కాపురం పెట్టిన నాలుగో నెలలో, అప్పటికే పదమూడేళ్ళు ఎవరో వాడి వదిలేసిన 1971 నాటి ఫోక్స్‌వాగన్ వ్యానును ఇంటిముందు నిలబెట్టి, "నీకోసమే" అన్నారు. ఆ మాట ఆయన ఇప్పటికీ అంటారు. నేనూ ఇప్పటికీ నమ్మినట్టే ఉంటాను.

ఆ బండిని చూడని పాఠకులకు రెండు ముక్కలు చెప్పాలి. చూడ్డానికి రొట్టెకు నాలుగు చక్రాలు తగిలించినట్టుంటుంది. 1947లో బెన్ పోన్ అనే హాలండు వ్యాపారి కాగితంమీద గీసిన నాలుగు గీతల్లోంచి పుట్టింది. 1950 మార్చిలో జర్మనీలో తయారీ మొదలయింది. ఇంజను వెనక ఉంటుంది. తక్కిన కార్లకున్నట్టు రేడియేటరూ, నీళ్ళూ ఉండవు. బెల్టుతో తిరిగే ఫాను ఒకటి గాలి విసిరి, రెక్కలు రెక్కలుగా ఉన్న సిలిండర్లను చల్లబరుస్తుంది. నీళ్ళే లేవు గనక మరిగిపోవడమూ లేదు, చలికి గడ్డకట్టడమూ లేదు. ఆ సుఖం ఉన్నమాట నిజమేగాని, వేడి విషయంలో మాత్రం ఈ ఇంజను బహు సున్నితం. బరువు లాగేటప్పుడు గాలిలో పెట్రోలు పాలు తగ్గిందా, లోపల వేడి హెచ్చి వాల్వులు కాలిపోతాయి.

ఈ పాలు సరిచూసేది కార్బురేటరు. సెంటు సీసా రబ్బరు బుడ్డి నొక్కితే గాలి విసురుకు సెంటు పైకిలేచి తుంపరవుతుంది చూడండి, అచ్చం అదే పద్ధతి. ఇంజను పీల్చే గాలి ఇరుకు గొట్టంలోంచి దూసుకుపోతూ పెట్రోలును వెంట లాక్కుపోతుంది. మా వ్యానులో సిలిండర్లు నాలుగు, ఇటు రెండు, అటు రెండు. కార్బురేటరు మాత్రం మధ్యన ఒక్కటే. చలికాలం ఉదయాన అంత పొడుగు గొట్టాలు దాటి పోయేలోగా సగం పెట్రోలు గోడలకే అంటుకుంటుంది. అందుకే ప్రతి శీతకాలమూ మావారు స్వెట్టరు తొడుక్కుని, స్క్రూడ్రైవరు పట్టుకుని, ఇంజను ముందు పురోహితుడిలా కూర్చునేవారు. నేను బ్యాటరీలైటు పట్టుకునేదాన్ని.

1991లో మా అమ్మాయికి అయిదేళ్ళప్పుడు యోసెమిటీ పార్కు మీదుగా టియోగా కనుమకు బయల్దేరాం. దాని ఎత్తు సుమారు 9,940 అడుగులు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానికి పదింట ఏడు పాళ్ళే. కార్బురేటరుకు ఆ సంగతి ఏం తెలుసు? గాలి పలచబడినా అది పెట్రోలును ఇంచుమించు ధారాళంగానే పోస్తుంది. నల్లటి పొగ కక్కుతూ, దగ్గుతూ, కనుమ మూడు మైళ్ళుందనగా బండి నిలబడిపోయింది. అక్కణ్ణించే వెనక్కు తిరిగాం. "మళ్ళీ వద్దాం" అన్నారు మావారు. ముప్ఫై ఏళ్ళు గడిచాయి.

2022 ఆగస్టులో ఒకనాడు మనవణ్ణి వెనక సీట్లో కూర్చోబెట్టుకుని కూరగాయలకు వెళ్ళి వస్తున్నాం. వాడికి అప్పుడు ఆరేళ్ళు. "అమ్మమ్మా, కంపు" అన్నాడు. మావారు బండి పక్కకు తీసి, వెనక మూత ఎత్తి చూశారు. రబ్బరు గొట్టం ఒకటి పగిలి, కాలుతున్న ఇంజను పక్కన బొట్టుబొట్టుగా పెట్రోలు కారుతోంది! ఇక్కడి పెట్రోలులో పదోవంతు ఇథనాలు కలుపుతారు. దానికి తట్టుకోలేని పాతరకం రబ్బరు త్వరగా పాడవుతుంది. పైగా ఈ ఇంజను పెట్టెలో మెగ్నీషియం ఉంది. అది అంటుకుంటే నీళ్ళు పోసినకొద్దీ ఇంకా భగ్గుమంటుంది. పిల్లవాణ్ణి చంకనేసుకుని రోడ్డువారన నిలబడ్డ ఆ పావుగంటా నాకిప్పటికీ కళ్ళముందే ఉంది.

ఆ రాత్రి మా అమ్మాయి వచ్చింది. అది మెకానికల్ ఇంజనీరు.

"నాన్నా, అమ్మేద్దామా, బాగుచేద్దామా? బాగుచేస్తే మాత్రం గొట్టాలొక్కటే కాదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ పెడదాం."

"1971 వ్యానంటే 1971 వ్యానే. నా ఊపిరి ఉండగా దానికి కంప్యూటరు పెట్టనివ్వను" అన్నారు ఆయన.

అమ్మాయి తగ్గలేదు. "ఆ కంపెనీవాళ్ళే 1967 చివర్లో తమ 1600 కార్లకు ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పెట్టి అమెరికాలో అమ్మారు. 1975 నుంచి ఇక్కడ అమ్మిన వ్యాన్లకూ పెట్టారు. మెక్సికోలో 2003 దాకా తయారైన బీటిలు కార్లలో, చివరి పదేళ్ళూ ఇదే గాలి ఇంజను, ఇదే 1,600 సి.సి., ఇంజెక్షన్‌తోనే నడిచింది. నేను కొత్తగా చేసే అపచారం ఏముంది నాన్నా?"

మావారు మాట్లాడలేదు. వారం పోయాక, "నీ చేతులు వణుకుతున్నాయి, ఇక ఆ చిన్న స్క్రూలు తిప్పలేరు" అని నేనే చెప్పవలసివచ్చింది. చెప్పినందుకు రెండురోజులు అన్నం సరిగా తినలేదు. మూడోనాడు పొద్దున్నే గరాజు తలుపు తీసిన చప్పుడయింది.

పని ఎనిమిది నెలలు పట్టింది. మొదట ఇంజను దింపితేగాని ట్యాంకు బయటికి రాదు. ఇంజెక్షన్‌లో మిగిలిన పెట్రోలు తిరిగి ట్యాంకులోకే పోవాలి గనక దానికి ఇంకో గొట్టం అతికించాలి. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకన్నా ప్రమాదం. లోపలి ఆవిరికి నిప్పు తగిలితే పేలుతుంది. ఆ పని ఇంట్లో చేయనివ్వక తెలిసిన పనివాళ్ళకు అప్పగించాం. పాత పంపు ఒత్తిడి అంగుళానికి నాలుగు పౌనులు మించదు. కొత్త ఎలక్ట్రిక్ పంపుది సుమారు 43. కాబట్టి గొట్టాలు, క్లాంపులు అన్నీ ఆ ఒత్తిడికి తగినవే వేశారు. ఇంజను తిరగడం ఆగితే పంపు దానంతటదే ఆగేటట్టూ, బండి దేనికైనా గుద్దుకుంటే కరెంటు తెగిపోయేటట్టూ ఏర్పాటు చేశారు. సీటు కింద మంటలార్పే సీసా ఒకటి. అది నా షరతు.

కార్బురేటరు స్థానంలో ఒట్టి గాలి కవాటం వచ్చింది. మెక్సికో బీటిలుకు వాడిన రకం గొట్టాలు తెచ్చి, ఒక్కొక్క సిలిండరు గుమ్మంలోనే ఒక్కొక్క ఇంజెక్టరు బిగించారు. పొడుగు గొట్టాల బెడద తీరిపోయింది. ఇంజను పుల్లీకి పళ్ళచక్రం పెట్టారు. 36 పళ్ళకు చోటు, అందులో ఒకటి లేదు. ఆ బోసి చోటును చూసి, ఇంజను ఎక్కడిదాకా తిరిగిందో కంప్యూటరు లెక్కగడుతుంది. గొట్టంలో గాలి ఒత్తిడికి ఒక సెన్సరు. నీళ్ళు లేవు గనక సిలిండరు హెడ్డు వేడికి ఒకటి. పొగగొట్టంలో మిగిలిన ఆక్సిజనుకు మరొకటి. బాగా కాలడానికి పెట్రోలు ఒక పాలైతే గాలి 14.7 పాళ్ళు. కంప్యూటరులో అడ్డం పదహారు, నిలువు పదహారు గళ్ళ పటం ఉంటుంది. ఏ వేగానికి, ఏ బరువుకు ఎంత పెట్రోలన్నది ఆ 256 గళ్ళలోనూ నింపాలి.

2023 ఏప్రిల్లో మొదటిసారి తాళం తిప్పితే ఇంజను పలికింది. కాని వారం తిరక్కుండానే మొండికేసింది. పెట్రోలు తక్కువయిందని తెర చెబుతోంది. అమ్మాయి పెంచింది. ఇంకా తక్కువేనంటుంది. మళ్ళీ పెంచింది. బండి ఈడ్వలేక ఈడ్వలేక నడుస్తోంది. మూడు రాత్రులు అది లెక్కలు తిరగేసింది. నాలుగో రాత్రి, "నావల్ల కాదమ్మా, పాతదే బిగించేస్తాను" అని గరాజు నేలమీద చతికిలబడింది.

అంతవరకూ దూరంగా కుర్చీలో కూర్చున్న మావారు లేచి వచ్చి, పొగగొట్టంలో వేలుపెట్టి తీశారు. వేలంతా మసి.

"ఆ తెర ఏమన్నా అననీ. పెట్రోలు తక్కువైతే ఇంత మసి పట్టదు. ఎక్కువైంది. నీ సెన్సరుకు బయటిగాలి తగులుతోంది."

నా వాక్యూం క్లీనరు తెప్పించి, ఊదే వైపు పొగగొట్టానికి గుడ్డతో కట్టించి, అతుకులమీద సబ్బునీళ్ళు పూయించారు. సెన్సరుకు ముందున్న అతుకు దగ్గర బుడబుడా బుడగలు లేచాయి! గాస్కెట్ సరిగా కూర్చోలేదు. ఆ సందులోంచి గాలి చొరబడుతుంటే, ఆక్సిజను ఎక్కువుందనుకుని సెన్సరు తక్కువ చెబుతోంది, కంప్యూటరు నమ్మి పెట్రోలు పోస్తోంది. అర్ధరాత్రి దాటి గాస్కెట్ మార్చారు. అమ్మాయి తండ్రి మసివేలు పట్టుకుని, "మీరు ముందే ఎందుకు చెప్పలేదు నాన్నా?" అంది.

"నువ్వు అడగలేదుగా" అన్నారు.

ఆనాటినుంచి గళ్ళు నింపే పని ముగ్గురిదీ అయింది. ఆయన నడిపేవారు, అమ్మాయి వెనక కూర్చుని చెప్పేది, నేను ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని అంకెలు చదివేదాన్ని.

ఏం లాభం వచ్చిందని అడుగుతారు. వేగం పెరగలేదు. గ్యాలనుకు పదిహేడు మైళ్ళిచ్చేది ఇరవై ఇస్తోంది. పెట్టిన ఖర్చు ఆ మిగులుతో మా మనవడి కాలానికిగాని తీరదు. చలిలో ఒక్క తిప్పుకు పలుకుతుంది. వెనక సీట్లో పిల్లవాణ్ణి కూర్చోబెట్టడానికి నాకు భయం లేదు. నాకదే లాభం.

మన దేశంలో 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్-6 నిబంధనలు వచ్చాక కొత్త మోటారు సైకిళ్ళలో చాలావాటికి ఇంచుమించు ఈ ఏర్పాటే ఉంటోంది. కార్బురేటరున్న పాత స్కూటరో, కారో మీ ఇంట్లో ఉంటే దాన్ని మార్చమని నేననను. పెట్రోలు గొట్టం మాత్రం ఒకసారి వంచి చూడండి. నెర్రెలు కనిపిస్తే ఆ రోజే మార్పించండి. కంపు వస్తోందని పిల్లలు అంటే కసురుకోకండి.

2024 జూలైలో నలుగురమూ టియోగా కనుమ ఎక్కాం. పైన బండి ఆపి తాళం మళ్ళీ తిప్పితే, ఇంటిదగ్గర నూరు చూపే గాలి ఒత్తిడి 70 దగ్గర నిలిచింది. ఇంజను మాత్రం ఇంటిముందు పలికినట్టే పలికింది. మావారు దిగి వెనక్కు వెళ్ళి, చాలాసేపు చెవి ఒగ్గి విన్నారు.

పాత సోలెక్స్ కార్బురేటరు గరాజు అలమరలో, నా పాత చీరముక్కలో చుట్టి ఉంది. నెలకొకసారి ఆయన విప్పి, తుడిచి, మళ్ళీ చుట్టి పెడతారు.