ధర్నా నుంచి స్టేషన్ దాకా: అరెస్టయిన వారికి చట్టం ఇచ్చిన హక్కులు

ఊరేగింపులూ ధర్నాలూ రాస్తారోకోలూ విశాఖపట్నానికి కొత్త కావు. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ నినాదంతో సాగిన ఉద్యమంలో 1966 నవంబరు 1న నగరంలో పోలీసు కాల్పులు జరిగి ఉద్యమకారులు ప్రాణాలు కోల్పోయారు. ఆ పోరాటంతో వచ్చిన కర్మాగారంలో నూరు శాతం వాటాను విక్రయించడానికి 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘం సూత్రప్రాయంగా అంగీకరించడంతో కూర్మన్నపాలెం కూడలిలో మళ్లీ దీక్షా శిబిరం వెలసింది. నగరం నుంచి ఆ శిబిరానికి వెళ్లే జాతీయ రహదారి కంచరపాలెం మీదుగానే పోతుంది. రైలు పట్టాలకూ రహదారికీ ఆనుకుని పెరిగిన ఈ శ్రామికపేటలో ఏదో ఒక ఉద్యమంలో పోలీసు వ్యాన్ ఎక్కిన మనిషి కనిపించడం వింతేమీ కాదు. అయితే ఎక్కించిన పోలీసుకు చట్టం ఏ అధికారం ఇచ్చిందో, ఎక్కిన మనిషికి ఏ హక్కు ఇచ్చిందో తెలిసినవారు మాత్రం తక్కువ.

‘ఆందోళనకారులను అరెస్టు చేసి, సాయంత్రం సొంత పూచీకత్తుపై విడుదల చేశారు’ అని పత్రికలు ఒక్క వాక్యంలో ముగించే ఘట్టం చట్టం దృష్టిలో మూడు వేర్వేరు చర్యల్లో ఏదైనా కావచ్చు. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో అమలవుతున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 172వ సెక్షన్ ప్రకారం, పోలీసులు ఇచ్చిన చట్టబద్ధమైన ఆదేశాన్ని పాటించని వ్యక్తిని అక్కడి నుంచి తొలగించి, మేజిస్ట్రేటు ముందు హాజరుపరచవచ్చు, లేదా చిన్న విషయమైతే వీలైనంత త్వరగా, 24 గంటలలోపు వదిలిపెట్టవచ్చు. 170వ సెక్షన్ ముందస్తు అరెస్టుకు సంబంధించినది: వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరానికి ఎవరైనా పథకం వేస్తున్నట్లు పోలీసు అధికారికి తెలిసి, దానిని మరో విధంగా ఆపడం సాధ్యం కాదని తోచినప్పుడే దీన్ని వాడాలి, వేరే నిబంధన అనుమతిస్తే తప్ప ఈ నిర్బంధమూ 24 గంటలు దాటరాదు. మూడోది ఎఫ్ఐఆర్ నమోదై, నిందితుడిగా జరిగే అసలైన అరెస్టు. మొదటి రెండింటిలో మనిషి సాయంత్రానికి ఇంటికి చేరితే వ్యవహారం అక్కడితో ముగియవచ్చు గాని, మూడో దానిలో విడుదలైన తరువాత కూడా కేసు కోర్టులో బతికే ఉంటుంది. అందుకే ‘ఏ సెక్షన్ కింద తీసుకువెళుతున్నారు’ అన్న ప్రశ్నకు నినాదాలన్నిటికంటే ఎక్కువ విలువ ఉంది.

ముందస్తు అరెస్టు ఎంత సులువుగా దారి తప్పుతుందో విశాఖ విమానాశ్రయమే రెండుసార్లు చూపింది. 2017 జనవరి 26న ప్రత్యేక హోదా కోసం ఆర్కే బీచ్‌లో తలపెట్టిన కొవ్వొత్తుల ప్రదర్శనకు వచ్చిన నాటి ప్రతిపక్ష నేత వై.ఎస్. జగన్మోహన్ రెడ్డిని అక్కడే ఆపి వెనక్కి పంపారు. 2020 ఫిబ్రవరి 27న, అప్పటికి ప్రతిపక్షంలో ఉన్న నారా చంద్రబాబు నాయుడి వాహనాలను ప్రత్యర్థి పార్టీ కార్యకర్తలు అడ్డగించగా, పోలీసులు ఆయనకే నాటి కోడ్‌లోని 151వ సెక్షన్ (నేటి 170) కింద నోటీసు ఇచ్చి వెనక్కి పంపారు. నేరం చేయబోయేవారిని ఆపడానికి ఉద్దేశించిన సెక్షన్‌ను ఆ విధంగా ఎలా వాడారన్న ప్రశ్న హైకోర్టు దాకా వెళ్లి, రాష్ట్ర డీజీపీ స్వయంగా వచ్చి సమాధానం చెప్పవలసి వచ్చింది. పాలకపక్షం మారినా విమానాశ్రయమూ మారలేదు, పద్ధతీ మారలేదు. ఇంటి గుమ్మం ముందు కానిస్టేబుల్‌ను నిలబెట్టి బయటికి రానివ్వని ‘హౌస్ అరెస్ట్’ సంగతి మరీ విచిత్రం, ఎందుకంటే ఆ పేరుతో పోలీసులకు సొంతంగా అధికారమిచ్చే సెక్షన్ సంహితలో లేదు.

శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కును రాజ్యాంగంలోని 19వ అధికరణం పౌరులకు ఇస్తూనే, ప్రజాశాంతి వంటి కారణాలపై సహేతుకమైన ఆంక్షలను అనుమతించింది. రోడ్లపై సభలను కట్టడి చేస్తూ రాష్ట్ర ప్రభుత్వం 2023 జనవరిలో 1861 నాటి పోలీసు చట్టం 30వ సెక్షన్ ఆధారంగా తెచ్చిన జీవో నంబరు 1ని అదే ఏడాది మే 12న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టివేయడానికి మూలం ఈ అధికరణమే. అంతమాత్రాన ఎక్కడ కూర్చున్నా హక్కే అనుకోరాదు. ముఖ్యంగా కంచరపాలెం వంటి చోట రహదారి దిగి రైలు పట్టాలెక్కితే చట్టమే మారిపోతుంది: 1989 నాటి రైల్వే చట్టం 174వ సెక్షన్ ప్రకారం రైల్‌రోకోకు రెండేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. తోపులాటలో పోలీసు ఒంటిపై చేయి పడితే భారతీయ న్యాయ సంహిత 132వ సెక్షన్, అంటే విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వోద్యోగిపై దాడి, వచ్చి చేరుతుంది. అది నాన్‌బెయిలబుల్, అనగా స్టేషన్‌లో హక్కుగా బెయిల్ అడగడానికి వీలులేని నేరం.

కేసు నమోదైనంత మాత్రాన అరెస్టు తప్పనిసరి కాదన్నది చాలామందికి తెలియని సంగతి. ఏడేళ్ల వరకు శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులు రాతపూర్వకంగా నమోదు చేయాలి, అవసరం లేనప్పుడు నాగరిక సురక్షా సంహిత 35(3) సెక్షన్ కింద హాజరు కమ్మని నోటీసు ఇవ్వాలి. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పినది ఇదే, జనం నోట ఇప్పటికీ ‘41ఏ నోటీసు’గా నలుగుతున్నదీ ఇదే. కొత్త సంహిత మరో రక్షణను చేర్చింది: మూడేళ్లకు తక్కువ శిక్ష ఉన్న నేరంలో అరవై ఏళ్లు దాటినవారిని, అశక్తులను డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి అనుమతి లేకుండా అరెస్టు చేయరాదు. దీక్షా శిబిరాల్లో ముందు వరుసలో కూర్చునే రిటైర్డు కార్మికులు గుర్తుంచుకోదగిన నిబంధన ఇది. స్త్రీలను అసాధారణ పరిస్థితుల్లో తప్ప సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయరాదు. చేయవలసివస్తే మేజిస్ట్రేటు ముందస్తు అనుమతితో మహిళా అధికారే చేయాలి. పద్దెనిమిదేళ్లు నిండని విద్యార్థిని లాకప్‌లో ఉంచడానికి వీలులేదు, జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి.

అరెస్టు జరిగినప్పుడు పుట్టే కాగితాలను కొంత నిదానంగా చూడాలి. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు విధించి, తరువాత చట్టంలోకి ఎక్కిన అరెస్టు మెమోలో అరెస్టు చేసిన తేదీ, సమయం ఉండాలి. కుటుంబ సభ్యుడో ఆ ప్రాంతపు పెద్దమనిషో సాక్షిగా సంతకం చేయాలి. అరెస్టయిన వ్యక్తి కూడా సంతకం చేయాలి. 24 గంటల గడువుకు ఈ సమయమే ఆధారం కనుక, ఉదయం పది గంటలకు కూడలిలో పట్టుకుని మెమోలో సాయంత్రం ఐదని రాస్తే ఏడు గంటల స్వేచ్ఛ కాగితం మీద మాయమైనట్లే. సంతకానికి ముందు ఆ గడిని చదవడం అందుకే అవసరం. ఒంటిపై దెబ్బలుంటే తనిఖీ మెమోలో నమోదు చేయమని కోరవచ్చు, సంహిత 53వ సెక్షన్ ప్రకారం అరెస్టయిన వెంటనే వైద్య పరీక్ష జరగాలి, ఆ నివేదిక నకలు అతనికి ఇవ్వాలి. అరెస్టుకు కారణాలను అన్ని నేరాల్లోనూ రాతపూర్వకంగా, అరెస్టయిన వ్యక్తికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో మిహిర్ రాజేష్ షా కేసులో తేల్చింది. అప్పటికప్పుడు వీలుకాకపోతే రిమాండుకు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందైనా ఆ కాగితం చేతికందాలి. తెలుగు మాత్రమే చదవగలిగిన వ్యక్తికి ఇంగ్లీషు కాగితం ఇచ్చి సరిపెట్టడం ఇకపై చెల్లదు.

మెమోపై చేసే సంతకం వేరు, వాంగ్మూలంపై చేసే సంతకం వేరు. దర్యాప్తులో పోలీసుకు చెప్పిన మాటలను రాసుకున్నా, చెప్పిన వ్యక్తి చేత దానిపై సంతకం చేయించరాదని 181వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పేలా నిందితుణ్ణి బలవంతపెట్టరాదన్నది రాజ్యాంగం 20(3) అధికరణం. కనుక పేరు, చిరునామా చెప్పి, మిగతా ప్రశ్నలకు న్యాయవాదితో మాట్లాడిన తరువాత జవాబిస్తాననడం అవిధేయత కాదు. విచారణ సాగినంతసేపూ కాకపోయినా, మధ్యలో న్యాయవాదిని కలుసుకునే హక్కు 38వ సెక్షన్ ఇచ్చింది. అరెస్టు సంగతిని, ఎక్కడ ఉంచారన్న దానిని కోరిన బంధువుకో స్నేహితుడికో తెలపడం 48వ సెక్షన్ ప్రకారం పోలీసుల బాధ్యత. తెల్లకాగితంపై సంతకం మాత్రం ఎవరడిగినా పెట్టకూడదు.

వకీలును పెట్టుకునే స్తోమత లేనివారికి 1987 నాటి న్యాయసేవల చట్టం దారి చూపింది. కస్టడీలో ఉన్నవారికి, స్త్రీలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాది లభిస్తాడు. విశాఖలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, 15100 నంబరుకు ఫోన్ చేసినా చాలు. ఫ్యాక్టరీ కార్మికులున్న పేటలో గోడగోడకూ రాయవలసిన నంబరు అది.

సాయంత్రం విడుదలై టీ తాగి ఇంటికి వెళ్లిపోయినవారు తమపై ఎఫ్ఐఆర్ ఉందో లేదో చూసుకోకపోవడం తరచుగా జరిగే పొరపాటు. ఏళ్ల తరువాత పాస్‌పోర్టు దరఖాస్తప్పుడో, ఉద్యోగానికి ముందు జరిగే పోలీసు పరిశీలనలోనో అది బయటపడుతుంది. సున్నితమైనవి మినహా ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైటులో ఉంచాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది కనుక వెతికి చూసుకోవడం కష్టమేమీ కాదు. ఉద్యమ కేసులను ఎత్తివేస్తున్నట్లు ప్రభుత్వాలు అప్పుడప్పుడు జీవోలు ఇస్తుంటాయి గాని, జీవోతో కేసు పోదు: నాగరిక సురక్షా సంహిత 360వ సెక్షన్ ప్రకారం పబ్లిక్ ప్రాసిక్యూటర్ కోర్టులో ఉపసంహరణ కోరాలి, కోర్టు సమ్మతించాలి, ఆ ఉత్తర్వు వెలువడేదాకా సమన్లు వస్తే వాయిదాకు వెళ్లవలసిందే.