‘డ్రై’ అను ఆంగ్ల విశేషణము



ఆంగ్లభాషలో ‘డ్రై’ అను చిన్న విశేషణము కలదు. దానికి ‘పొడి’, ‘ఎండిన’ అని నేను బడిపిల్లలకు చాలకాలము చెప్పితిని. ఆ యర్థము సరియైనదే. కాని భూమి కాగితములు చదువుటకు అదొక్కటియే చాలదు. మా హొళగుంద ప్రాంతమున రైతు పంట ఈ మాటతో ముడిపడియున్నది గనుక దీనిని కొంచెము వివరించెదను.

‘డ్రై’ అనగా ఏదో యొకటి లేనిది. ఏది లేదో తెలుపునది ప్రక్కనున్న విశేష్యము. బట్ట ‘డ్రై’ అయినచో ఆరినది. ఆవు ‘డ్రై’ అయినచో వట్టిపోయినది. దానికి లేనివి పాలు. 1937లో సేలము జిల్లాలో మద్యనిషేధము మొదలయ్యెను. అట్టి జిల్లాను ‘డ్రై’ జిల్లా యందురు. అచ్చట లేనివి కల్లుసారాయములే గాని వానలు కావు.

ఇక భూమి సంగతి. మదరాసు ప్రభుత్వపు శిస్తు లెక్కలలో ‘డ్రై’ అనగా మెట్ట, ‘వెట్’ అనగా మాగాణి. ఇచ్చట ‘డ్రై’ అనుమాట కాలువనీరో చెరువునీరో లేదని చెప్పును. నేలలో చెమ్మ లేదని చెప్పదు. మన నల్లరేగడి వాననీటిని దాచుకొని, పారుదల లేకయే జొన్నను, ప్రత్తిని పండించుచున్నది గదా.

1953లో తుంగభద్ర నీరు కాలువల కెక్కెను. పిమ్మట దిగువకాలువ మన సీమకు వచ్చెను. మన జిల్లాలో దాని ఆయకట్టు సుమారు 1,51,000 ఎకరములు. అందు అనేక భూములను ‘ఇరిగేటెడ్ డ్రై’ అని నిర్ణయించిరి. జనులు దానిని ‘ఐ.డి.’ యందురు. నీరు పారించిన పొడినేల యేమి? వినుటకు వదతోవ్యాఘాతమువలె నున్నది. కాని తెలుగుమాట చిక్కు విప్పుచున్నది: ఆరుతడి. నేల ఆరిన పిమ్మట మరల తడి. ఇచ్చట లేనిది నీరు కాదు, మడిలో నిలువనీరు.

ఈ భేదము తెలియనిచో నష్టము రెండు విధములు. ‘డ్రై’ అను మాటను మాత్రము చూచి తనకు కాలువనీటిలో పాలు లేదనుకొన్న రైతు తన హక్కును పోగొట్టుకొనును. ‘ఇరిగేటెడ్’ అను మాటను మాత్రము చూచి వరి నాటినవాడు చివరిరైతు నీటిని వాడుకొనును. ఒక యెకరము వరికి పట్టు నీరు రెండెకరముల ఆరుతడి పైరుకు వచ్చును.

కావున గ్రామమున కాగితము చదివి వినిపించు పెద్దలు విశేషణమును విడిగా చదువక, దాని ముందుమాటతోను వెనుకమాటతోను కలిపి చదివి యర్థము చెప్పవలెను.