అడవికి వెళ్ళిన సంగతి దాచకండి

భద్రాచలం, చర్ల అడవి పల్లెల్లో కుందేలును, ఉడుతను కొట్టి తినడం పాత అలవాటు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. అందుకే జ్వరంతో వచ్చినవారు అడవికి వెళ్ళిన సంగతి మాకు చెప్పరు.

పొదల్లో, ఎలుకల ఒంటిమీద ఉండే సన్నని పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ రావచ్చు. 6 నుండి 21 రోజులలో జ్వరం, తలనొప్పి మొదలవుతాయి. చంకలోనో గజ్జలోనో నొప్పిలేని నల్లని పక్కు కనబడవచ్చు. డాక్సీసైక్లిన్ త్వరగా మొదలుపెడితే నయమవుతుంది, ఆలస్యమైతే ప్రాణాపాయం.

చచ్చిపడిన జంతువును తినకండి. చేతికి గాయముంటే చర్మం ఒలవకండి. మాంసం బాగా ఉడికించండి. అడవి నుండి రాగానే సబ్బుతో స్నానం చేసి, బట్టలు ఉతకండి.

రక్తపరీక్షలో మలేరియా లేదని తేలినా జ్వరం తగ్గకపోతే వెంటనే రండి. మేము అడిగేది కేసు కోసం కాదు, సరైన మందు కోసం.