పసుపెందుకు ఎర్రబడింది? – పిల్లల ప్రశ్నలు, పెద్దల ఓర్పు

ప్రవాసాంధ్రుల ఇళ్ళలో శనివారం పేరుకు మాత్రమే సెలవు దినం. ఉదయం సంగీతం, మధ్యాహ్నం గణితం, సాయంత్రం స్పెల్లింగు పోటీకి తర్ఫీదు. మధ్యమధ్య కారు ప్రయాణాలు. మా ఇల్లూ ఇందుకు మినహాయింపు కాదు. అటువంటి ఒక శనివారం భోజనాల వేళ తొమ్మిదేళ్ళ మా అమ్మాయి తెల్ల చొక్కా మీద దోసకాయ పప్పు ఒలకబోసుకున్నది. తల్లి కంట పడకముందే మరక వదిలించాలని స్నానాల గదిలోకి వెళ్ళి, ఇండియన్ స్టోరులో కొన్న బట్టల సబ్బు బిళ్ళతో గట్టిగా రుద్దింది. పచ్చని మరక చూస్తుండగానే ఎర్రబడింది. రక్తమేమోనని బెదిరి "నాన్నా!" అని పెట్టిన కేకకు ఇల్లంతా ఉలిక్కిపడింది.

నేను వృత్తిరీత్యా రసాయన ఇంజనీరును. కారణం నాకు తెలుసు. పసుపుకు ఆ రంగునిచ్చే పదార్థం కర్కుమిన్. ఆమ్లాలలోను, మంచినీటివంటి తటస్థ ద్రవాలలోను అది పచ్చగానే ఉంటుంది. క్షారం తగిలినప్పుడు దాని అణువు నుంచి హైడ్రోజన్ అయాను విడిపోతుంది. అణువు కాంతిని పీల్చుకునే తీరు మారి మన కంటికి ఎర్రగా కనిపిస్తుంది. బట్టల సబ్బు క్షారం. అంతే సంగతి. ఈ సమాధానం నాలుక చివరిదాకా వచ్చింది. కాని ఆ రోజు నేను దానిని బయటపెట్టలేదు. "ఎందుకైందంటావు?" అని మాత్రం అడిగి ఊరుకున్నాను.

ఈ నిగ్రహం నాకు పుట్టుకతో వచ్చినది కాదు. మా పెద్దవాడి విషయంలో చేసిన పొరపాటు నేర్పినది.

వాడికి ఏడేళ్ళప్పుడు రాళ్ళ పిచ్చి. ఏ పార్కుకు వెళ్ళినా జేబులు బరువెక్కి తిరిగివచ్చేవాడు. వాటిని రంగునుబట్టి కొన్నాళ్ళు, బరువునుబట్టి కొన్నాళ్ళు, "పడుకునే రాళ్ళు, నిలబడే రాళ్ళు" అని కొన్నాళ్ళు వరుసలుగా పేర్చేవాడు. నాకది ఎంతో ముచ్చట గొలిపింది. ముచ్చటపడి ఊరుకుని ఉంటే బాగుండేది. పేర్లు అతికించిన ఖనిజాల పెట్టె కొనితెచ్చాను. కాఠిన్యాన్ని పది మెట్లుగా విభజించిన మోహ్స్ పట్టికను వాడి గది గోడకు తగిలించాను. "నిలబడే రాళ్ళనే జాతి లేదురా" అని సరిదిద్దాను. బడిలో సైన్సు ప్రదర్శన వచ్చినప్పుడు అట్ట మీద అక్షరాలు కూడా నేనే అందంగా అంటించాను. వాడికి నీలి రిబ్బను వచ్చింది. ఆ తరువాత వాడు రాయి ముట్టుకోలేదు. పిల్లల ఇష్టాలు వాటంతటవే మారుతుంటాయని సరిపెట్టుకోవచ్చు. అందులో కొంత నిజమూ ఉండవచ్చు. కాని కళాశాలకు వెళ్ళేముందు సామాను సర్దుకుంటూ బేస్‌మెంటులో ఆ పెట్టె కనిపించినప్పుడు వాడన్న మాట నన్ను వదలలేదు. "అవి నీ రాళ్ళు కదా, నాన్నా!"

మనస్తత్వ శాస్త్రంలో తరచుగా ఉదాహరించే ప్రయోగం ఒకటి ఉన్నది. మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు శిశువిద్యాలయంలో జరిపి, 1973లో ప్రచురించారు. రంగు మార్కర్లతో బొమ్మలు వేయడమంటే అప్పటికే ఇష్టమున్న మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలను మూడు జట్లు చేశారు. బొమ్మ వేస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న ప్రశంసాపత్రం ఇస్తామని ఒక జట్టుకు ముందే చెప్పారు. రెండవ జట్టుకు ఏమీ చెప్పకుండా, వేసిన తరువాత ఇచ్చారు. మూడవ జట్టుకు ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ళ తరువాత మార్కర్లను మళ్ళీ తరగతిలో ఉంచి, ఎవరి బలవంతమూ లేకుండా ఎవరెంతసేపు వాటితో గడుపుతారో చాటుగా గమనించారు. బహుమతికి ఆశపడి వేసిన పిల్లలు మిగతావారితో పోలిస్తే దాదాపు సగం సేపే గడిపారు. అనుకోకుండా బహుమతి అందుకున్నవారిలో ఈ తగ్గుదల లేదు. అంటే దోషం మెచ్చుకోలులో లేదు. ఆటను కూలిపనిగా మార్చడంలో ఉన్నది. మా వాడి నీలి రిబ్బను నాకు వెంటనే జ్ఞాపకం వచ్చింది.

ఇంకొక పరిశోధన 2011లో వెలువడినది. ఎలిజబెత్ బోనవిట్జ్, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన లారా షుల్జ్ తదితరులు ఒక విచిత్రమైన ఆటవస్తువును తయారు చేయించారు. అందులో ఒక గొట్టాన్ని లాగితే కీచుమంటుంది. మరోచోట దీపం వెలుగుతుంది, ఇంకొకచోట సంగీతం వినిపిస్తుంది, లోపలెక్కడో అద్దం దాగి ఉంటుంది. కొందరు పిల్లలకు "ఇది ఎలా పనిచేస్తుందో చూడు" అని కీచుమనే గొట్టాన్ని చూపించి ఇచ్చారు. మరికొందరికి ఏదో అనుకోకుండా జరిగినట్లు నటించి ఇచ్చారు, లేదా ఏమీ చూపకుండానే ఇచ్చారు. పాఠం విన్న పిల్లలు కీచుమనిపించడంతోనే ఎక్కువసేపు గడిపారు. మిగతా విశేషాలను తక్కువగా కనుగొన్నారు. వారిని మందమతులనుకుంటే పొరపాటు. తెలిసిన పెద్దమనిషి ఇంతే చూపించాడు గనుక ఇందులో ఉన్నది ఇంతే అయి ఉంటుందని వారు తర్కించుకున్నారు. పెద్దల మీద నమ్మకమున్న పిల్లలు చేయవలసిన తర్కమే అది. అందుచేతనే ఇంట్లో అన్నీ తెలిసిన తండ్రి ఉండడం ఒక్కొక్కప్పుడు పిల్లలకు నష్టం.

ఇక పసుపు దగ్గరకు వద్దాము. "ఎందుకైందంటావు?" అన్న ప్రశ్నకు మా అమ్మాయి తడుముకోకుండా "నురగ వల్ల" అన్నది. తప్పు. అయినా ఎంత చక్కని తప్పు! పరీక్షించడానికి వీలున్న తప్పు. "అయితే నురగ వచ్చేవన్నీ ఎర్రగా చేస్తాయా?" అని మరొక ప్రశ్న వేసి, నేను చేసిన సహాయం ఇంతే: కాఫీ వడపోత కాగితాలు కొన్ని, పసుపు డబ్బా, చిన్న గిన్నెలు బల్ల మీద పెట్టాను. బ్లీచి, మురుగు గొట్టాలు శుభ్రం చేసే ద్రావకాలు వంటి ప్రమాదకరమైన వాటిని అటక ఎక్కించాను. పసుపు ముద్ద పూసి ఆరబెట్టిన కాగితాలను పట్టీలుగా కత్తిరించడం ఆమె సొంత ఆలోచన.

తలకు రాసుకునే షాంపూ బోలెడంత నురగనిచ్చింది గాని పసుపు పచ్చగానే ఉన్నది. వంట సోడా నీరు నురగ ఇవ్వలేదు గాని కాగితాన్ని కొద్దిగా నారింజ వైపు తిప్పింది. నురగ సిద్ధాంతం కూలిపోయింది. ఆమె ముఖం చిన్నబోతుందనుకున్నాను. "ఓహో, అయితే ఇంకేదో ఉంది" అని నోటు పుస్తకంలో నురగ అన్న మాటను కొట్టివేసింది. పేరుపొందిన శాస్త్రజ్ఞులకు కూడా ఇంత తేలికగా సాధ్యమయ్యే పని కాదిది. నిమ్మరసం, వెనిగరు, చింతపండు రసం, పెరుగు అన్నీ ఒక పక్షం. సబ్బు, సోడా మరొక పక్షం. ఎర్రబడిన పట్టీ మీద నిమ్మరసం పడగానే మళ్ళీ పచ్చబడింది. దానితో కొత్త ఆట మొదలయింది. సబ్బు, నిమ్మ, సబ్బు, నిమ్మ. పదిసార్లు, పదిహేనుసార్లు.

గణితం తరగతి మూడు గంటలకు. మా ఆవిడ, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. ముందే చెల్లించిన రుసుము మాకు గుర్తు రాలేదని చెప్పను. ఆ రోజు తరగతి మానిపించాము.

చేసినదే మళ్ళీ మళ్ళీ చేయడం పెద్దలకు విసుగు. రోము నగరపు పేదవాడలో 1907లో తొలి బాలగృహాన్ని తెరచిన డాక్టర్ మరియా మాంటిస్సోరి కంటికి మాత్రం అదే అన్నింటికన్నా విలువైన దృశ్యమయింది. మూడేళ్ళ పిల్ల ఒకతె కొయ్య దిమ్మెలను వాటి రంధ్రాలలో అమర్చుతూ, తీస్తూ, నలభైసార్లకు పైగా అదే పని చేయడం ఆమె లెక్కపెట్టింది. చుట్టూ పిల్లలచేత పాటలు పాడించినా ఆ చిన్నది తల ఎత్తలేదట. దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై 1939లో మద్రాసు అడయారుకు వచ్చిన ఆ ఇటలీ దేశస్థురాలు, యుద్ధం మూలంగా 1946 వరకు మన దేశంలోనే ఉండిపోయింది. కొంతకాలం కొడైకెనాల్‌లో గడిపి, అక్కడి చెట్లు, పురుగులు, ఆకుల మధ్య పిల్లల ప్రకృతి పరిశీలనను తన విద్యావిధానంలో విస్తరింపజేసింది. పిల్లవాడు ఏకాగ్రతతో పనిలో ఉన్నప్పుడు పొగడ్తతో కూడా అడ్డుపడవద్దన్నది ఆమె ప్రధాన సూత్రాలలో ఒకటి. తెలుగునాట బడుల తనిఖీ ఉద్యోగం చేసిన చలం కూడా ఈ విషయం మీద బెంగపడి "బిడ్డల శిక్షణ" వ్రాశాడు. ఆయన ఇతర రచనలకు వచ్చిన పేరు ఈ పుస్తకానికి రాకపోవడం విచారకరం.

ఇంత చెప్పినంత మాత్రాన పిల్లలకు ఏమీ నేర్పనక్కరలేదని నా ఉద్దేశం కాదు. ఎక్కాలు, గుణింతాలు, వీణ మీద సరళీ స్వరాలు ఎవరికివారు కనిపెట్టుకోవలసినవి కావు. కిర్ష్నర్, స్వెల్లర్, క్లార్క్ 2006లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో, కొత్తగా నేర్చుకునేవారిని మార్గదర్శకత్వం లేకుండా వదలివేస్తే శ్రమ ఎక్కువ, ఫలితం తక్కువ అని గట్టిగా వాదించారు. ముప్ఫైమంది పిల్లలతో, నిర్ణీత పాఠ్యప్రణాళికతో నడిచే బడికి ఆ హెచ్చరిక అవసరమే. కాని ఇంటికి గంట కొట్టేవారు లేరు, పరీక్షాధికారి లేడు. బడి ఇవ్వలేని తీరికను ఇవ్వగలది ఇల్లు ఒక్కటే. ఆ తీరికను కూడా మరొక బడిగా మార్చివేస్తున్నాము మనము.

మరునాడు మా అత్తగారికి ఫోను చేసినప్పుడు ఒక వింత జరిగింది. మామూలుగా అమ్మమ్మా మనవరాళ్ళ సంభాషణ "బాగున్నావా తల్లీ?", "బాగున్నాను అమ్మమ్మా" దగ్గర ముగుస్తుంది. ఆ రోజు పసుపు మాట ఎత్తగానే ఆవిడ నవ్వి, "దీనికింత హడావిడేమిటే, పెళ్ళికూతురి కాళ్ళకు పెట్టే పారాణి అదే కదా! పసుపులో సున్నం కలిపితే ఎర్రగా అవదూ?" అన్నారు. "సున్నం అంటే ఏమిటి? నురగ వస్తుందా?" అని మనవరాలు. ఇక వారిద్దరికీ నేను అడ్డు. సున్నం, తమలపాకు, గోడలకు వెల్ల, మా ఆవిడ పెళ్ళిలో ఎవరి పాదాలు ముందు ఎర్రబడ్డాయన్న వివాదం దాకా నలభై నిమిషాలు సాగింది. తెలుగు తరగతిలో ఎన్నిసార్లు చెప్పినా అంటని మాటలు నోటు పుస్తకంలోకి ఎక్కాయి, ఇంగ్లీషు అక్షరాలలోనే అయినా. ఇక్కడి దుకాణాలలో పికిలింగ్ లైమ్ పేరుతో దొరికే పొడి మన సున్నమే. కళ్ళకు, చర్మానికి హాని చేసేది గనుక దానిని మాత్రం నేనే కలిపి, చేతికివ్వకుండా చూపించాను. గిన్నెలో పారాణి మెరిసింది. పిల్ల చాలాసేపు మాట్లాడలేదు.

క్షారం, ఆమ్లం అన్న మాటలు ఆమె అడిగినది మరో పది రోజులకు. "ఈ రెండు పక్షాలకూ పేర్లున్నాయా నాన్నా?" అని. అప్పుడు చెప్పాను. అవి తన రాళ్ళకు తాను అడిగి పెట్టించుకున్న పేర్లు.

ఈమధ్య ఇంకొకటి బయటపడింది. కిటికీ దగ్గర మరచిపోయిన పసుపు పట్టీ ఒకటి, సగం పుస్తకం కింద, సగం ఎండలో ఉండిపోయింది. ఎండ పడిన సగం వెలిసిపోయి తెల్లబడింది. వెలుతురుకు కర్కుమిన్ అణువు విచ్ఛిన్నమవుతుంది. పసుపు మరకల బట్టలను ఎండలో ఆరవేయడం మన తల్లులకు తెలిసిన చిట్కాయే. ప్రస్తుతం మా వంటింటి కిటికీకి ఆరు పసుపు కాగితాలు వేలాడుతున్నాయి. మూడింటికి నల్ల కాగితపు తొడుగులున్నాయి. ఎందుకని నేనింకా అడగలేదు.