గొట్టపు అతుకులలోని రబ్బరు రింగు

బావినుండి పొలమునకు గొట్టములు వేయు రైతు మోటారు వెల విచారించును, గొట్టముల వెల విచారించును. అతుకులో నిమిడియుండు రింగును గూర్చి మాత్రము విచారింపడు. దుకాణదారు సంచిలో వేసి యిచ్చినదే తెచ్చుకొనును. మేమును మొన్నటివరకు అట్లే చేసితిమి.

మా సభ్యులలో నలువురు కలసి వేయించుకొనిన లైనులో గత వేసవియందు మూడు అతుకులవద్ద నీరు పొంగినది. త్రవ్వి చూడగా గొట్టము ఎచ్చటను పగులలేదు. రెండు అతుకులలో రింగులు ఉబ్బి, మెత్తబడి, చేతికి జిగురుగా అంటుకొనుచుండెను. మూడవదానిలో రింగు బాగుగనేయున్నది గాని, గొట్టమే సాకెట్టునుండి నాలుగు వ్రేళ్ల మేర వెలికి జరిగియుండెను. ఇట్లేల జరిగెనో అప్పుడు మాకు బోధపడలేదు.

ఆ సంగతి మనస్సులో నుండగనే పనిమీద హైదరాబాదు పోవుట తటస్థించినది. ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణమునుండి తార్నాకకు నడచివచ్చుచు, దారిప్రక్క కందకములో ఇనుపగొట్టము లతుకుచున్న కూలీలను జూచి నిలిచితిమి. వారు రింగును సాకెట్టు గాడిలో నమర్చి, సబ్బునీరు పూసి, రెండవ గొట్టపు మూతిని లోనికి నెట్టిరి. సీసము పోయలేదు, బోల్టు బిగింపలేదు. ఆ రింగు ఒకప్రక్క గట్టిగను, ఒకప్రక్క మెత్తగను ఉన్నది. గట్టి మడమ గాడిని పట్టుకొని రింగు జారకుండ జేయును. మెత్తని యుబ్బు నీటిని ఆపును. మడమ సాకెట్టు నోటివైపునకు, మెత్తనిభాగము లోపలికి ఉండవలెను. త్రిప్పివేసిన అతుకు కారును.

రబ్బరు స్పంజివలె అణగునని పలువురి తలంపు. అది నిజము గాదు. ఒకవైపు నొక్కిన రబ్బరు మరియొకవైపు ఉబ్బునేకాని, దాని ఘనపరిమాణము ఇంచుమించు మారదు. ఈ విషయమున అది నీటివంటిది. కావున రింగును కల్పించువారు గాడిని రబ్బరుతో పూర్తిగా నింపరు. ఉబ్బుటకు చోటు విడుతురు. ఆ చోటు లేనిచో గొట్టము లోనికి పోదు, బలవంతముగా పోయినను సాకెట్టు పగులును. లావైన రింగు వేసిన మంచిదనుకొనువారు ఈ సంగతి గమనింపవలెను.

సన్నని రింగు అంతకంటెను మోసము చేయును. గొట్టమునకును గాడి యడుగునకును నడుమ సందు 7.5 మిల్లీమీటర్లనియు, రింగు త్రాడు మందము 10 మిల్లీమీటర్లనియు అనుకొందము. రింగు బిగువుగా కూర్చుండుటకై దాని చుట్టును గొట్టముకంటె కొంత చిన్నదిగా చేయుదురు. నూటికి 10 వంతులు సాగినప్పుడు త్రాడు సన్నబడి 9.5 మిల్లీమీటర్లగును. అప్పుడు నొక్కు నూటికి 21. గొట్టము బరువునకు క్రిందికి కూర్చుండి పైసందు 8 మిల్లీమీటర్లైనచో, పైన నొక్కు 16. క్రింద సందు 7 అయి నొక్కు 26. ఇంతవరకు భయము లేదు. ఇదే గాడిలో 9 మిల్లీమీటర్ల త్రాడు వేసిచూడుడు. సాగిన పిదప అది 8.6 అగును, పైసందులో నొక్కు నూటికి 7 మాత్రమే. ఒక్క మిల్లీమీటరు తగ్గుటచే పట్టు సగముకంటె తక్కువైనది! కంటికి రెండు రింగులును ఒక్కతీరుగనే కనబడును.

ఆ 7 వంతులును నిలుచునవి కావు. నొక్కి యుంచిన రబ్బరు ఏండ్లు గడచినకొలది అలసిపోయి, విడిచినను పూర్వపు మందమునకు రాదు. పరీక్షాశాలలలో ముక్కను నొక్కి, వేడిపెట్టెలో నుంచి, విడిచి, ఎంత తిరిగి లేచెనో కొలుతురు. నీటిగొట్టముల రింగులకై భారత ప్రమాణము 5382 కలదు; కొనునప్పుడు ఆ యంకెను అడుగుట మేలు. చలియు రబ్బరు సత్తువను హరించును. 1986 జనవరి 28న అమెరికావారి ఛాలెంజరు వ్యోమనౌక ఏడుగురితో నశించుటకు, చలికి బిగిసి సకాలమున లేవలేకపోయిన రబ్బరు రింగే కారణమని విచారణలో తేలినది. మనకు చలికంటె ఎండ ఎక్కువ శత్రువు. రింగులను ఆరుబయట పడవేసిన బీటలు వారును.

మంచి అతుకులో మొదటి పట్టు రింగు నొక్కువలన వచ్చును. పిదప నీరే దానికి తోడ్పడును. నీటి ఒత్తిడి రింగును సందులోనికి నెట్టి యింకను బిగించును. అందుచేతనే కొన్ని అతుకులు మోటారు వేయగానే కారి, ఒత్తిడి పెరిగిన వెనుక కట్టును. అట్టి అతుకు బాగుపడినదని సంతోషింపరాదు. రింగు సొంత బలము సన్నగిల్లినదని దాని యర్థము.

ఇక గ్రీజు సంగతి. తార్నాక కూడలి దాటి ఉప్పలు పోవు దారిలో భారత రసాయన సాంకేతిక సంస్థ యున్నది. 1944లో హైదరాబాదు రాజ్యమువారు పరిశోధనాశాలగా స్థాపించిన దానికి 1989లో ఈ పేరు వచ్చినది. తైలములపై అచట చాల కృషి జరిగినది. నూనెలన్నియు ఒక్కటి కావని రైతు యెరుగవలెను. భూమినుండి తీసిన నూనె, గ్రీజు సహజమైన రబ్బరులోనికి ఇంకి దానిని ఉబ్బించును. మన ఆముదము అట్లు చేయదు. పూర్వము మోటారు బండ్ల బ్రేకులలో ఆముదమును ఆల్కహాలుతో కలిపి వాడుట ఇందువలననే. అయినను అతుకునకు సబ్బునీరు చాలును, చౌకయు. మా లైనులో ఇంజను గ్రీజు పూసిరని విచారింపగా తెలిసినది.

మూడవ అతుకు జరుగుటకు కారణము వేరు. రింగు నీటిని ఆపునేగాని గొట్టమును పట్టుకొనదు. 110 మిల్లీమీటర్ల గొట్టములో చదరపు సెంటీమీటరునకు 3 కిలోల ఒత్తిడి యున్నచో, మూతిపై బడు త్రోపు సుమారు 285 కిలోలు. నిలువు మలుపువద్ద 400 కిలోలు.  మా మలుపువద్ద వెనుక కాంక్రీటు దిమ్మ లేదు.

ప్లాస్టిక్ గొట్టము వేడికి సాగునని మరవరాదు. 6 మీటర్ల గొట్టము 30 డిగ్రీల మార్పునకు సుమారు 12 మిల్లీమీటర్లు పెరుగును. మూతిని సాకెట్టు అడుగునకు తాకునట్లు నెట్టక, అంతమేర వెనుకకు విడువవలెను. మూతి అంచును వాలుగా రాచి, లోనికి పోవలసిన హద్దుకు గీత గీయవలెను.

మేము రింగులు మార్పించి, సబ్బునీటితో ఎక్కించి, మలుపువద్ద దిమ్మ పోయించితిమి. దిమ్మ గట్టిపడుటకు వారము ఆగి, మన్ను కప్పకముందే ఒక పూటంతయు మోటారు నడిపి, అతుకుల క్రింద పొడి బూడిద చల్లి చూచితిమి. రెండింట బూడిద తడియలేదు. మూడవదానిలో ఒక మూల మచ్చ కనబడగా విప్పిచూచితిమి. రింగు క్రింద ఇసుక రేణువు చిక్కియుండెను.