పాత కారవాన్‌కు కిలోమీటర్ల లెక్క చాలదు

అమీర్‌పేట: చక్రాలపై నడిచే ఇల్లు తెలుగువారికి కొత్త కాదు. 1982లో నందమూరి తారక రామారావు పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్పించి రాష్ట్రమంతటా పర్యటించారు. నందమూరి హరికృష్ణ దానిని నడిపారు. నేడు అమీర్‌పేటలోని సారథి స్టూడియోస్ వంటి చోట్ల చిత్రీకరణ జరిగితే నటీనటుల కోసం కారవాన్లు రావడం పరిపాటి. ఇవి పాతబడ్డాక నిర్వహణ ఎలా అన్నదే ప్రశ్న.

మూడు పద్ధతులు

పాడైనప్పుడే బాగు చేయించడం మొదటిది. తొలుత ఖర్చు తక్కువే అయినా, బండి నడిరోడ్డుపై ఆగితే నష్టం ఎక్కువ. గడువు ప్రకారం భాగాలు మార్చడం రెండోది. పాత గదిని పూర్తిగా విప్పి, ఛాసిస్‌పై కొత్తగా కట్టించడం మూడోది. ఛాసిస్ తుప్పు పట్టకుండా గట్టిగా ఉంటేనే ఇది లాభదాయకం.

దేని లెక్క దానిదే

పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకు వచ్చిన బండి రెండు కిలోమీటర్లు కూడా నడవదు. అయితే ఏసీ కోసం జనరేటర్ రోజంతా పనిచేయవచ్చు. అందువల్ల ఇంజిన్‌కు కిలోమీటర్లు, జనరేటర్‌కు గంటలు లెక్కించాలి. టైర్లు, బ్యాటరీలు, పైకప్పు అతుకులు బండి కదలకున్నా పాతబడతాయి. ఎండకు పగిలిన అతుకుల్లోంచి వాన నీరు దిగితే లోపలి ప్లైవుడ్ కుళ్లుతుంది. ఏటా వర్షాకాలానికి ముందే అతుకులు సరిచేయించాలి.

ప్రాణాలకు సంబంధించినవి

2024 డిసెంబరులో కేరళలోని వడకరలో ఆగి ఉన్న కారవాన్‌లో ఇద్దరు మృతి చెందారు. జనరేటర్ నుంచి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని నిపుణుల పరిశీలనలో తేలింది. ఈ వాయువుకు రంగు, వాసన ఉండవు. బండి పాతబడేకొద్దీ నేలలో రంధ్రాలు, పొగ గొట్టంలో పగుళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. జనరేటర్ నడుస్తుండగా లోపల నిద్రించరాదు. కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారం తప్పనిసరిగా అమర్చుకోవాలి.

రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆపై ఏటా ఫిట్‌నెస్ ధ్రువపత్రం పొందాలి. సొంత వాహనాలకు పదిహేనేళ్ల తర్వాత రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. ఆ పత్రం ఉన్నంత మాత్రాన గది క్షేమమని భావించరాదు. మిగిలిన మరమ్మతులు వాయిదా వేసినా బ్రేకులు, గ్యాస్ గొట్టాలు, విద్యుత్ తీగలు, జనరేటర్ పొగ గొట్టం విషయంలో పాడయ్యే వరకు వేచి ఉండటం తగదు.