గేటు పాస్ చాలు, తాళంచెవి ఎందుకు?

విశాఖ గాజువాకలో నెట్‌సెంటర్ నడిపే ఒకాయన దగ్గర పొడుగాటి నోటుబుక్ ఉండేది. పేరు, ఫోన్ నంబరు, ఎదురుగా పాస్‌వర్డు. స్కాలర్‌షిప్‌కనో, పీఎఫ్‌కనో వచ్చినవాళ్లు తమంతట తామే చెప్పి రాయించినవి. "మళ్లీ వచ్చేసరికి మీకు గుర్తుండదు కదండీ" అనేవాడు. నా మెయిల్ పాస్‌వర్డూ అందులోకి ఎక్కింది. మనిషి మంచివాడే. పుస్తకం మాత్రం బల్లమీద తెరిచే ఉండేది.

ఒకప్పుడు పేరున్న వెబ్‌సైట్లు చేసిందీ ఇదే. "మీ స్నేహితుల్ని వెతికిపెడతాం, మెయిల్ పాస్‌వర్డు ఇవ్వండి" అనేవి, ఇచ్చేవాళ్లం. నాలుగు చిరునామాల కోసం ఇంటి తాళాలన్నీ! ఆ అలవాటు మాన్పించడానికే బ్లేన్ కుక్, క్రిస్ మెస్సినా మరికొందరితో కలిసి 2007లో ఓఆత్ అనే పద్ధతి తెచ్చారు. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న 2.0 ప్రమాణం 2012 అక్టోబరులో వెలువడింది.

తాళాలివ్వకుండా లోపలికి పంపడం విశాఖవాళ్లకి కొత్త కాదు. పోర్టులోకో, స్టీల్‌ప్లాంట్‌లోకో కాంట్రాక్టు పనికి వెళ్లేవాడికి ఎవరూ తాళాలివ్వరు. పాస్ ఇస్తారు. ఎవరు, ఎక్కడికి, ఎప్పటిదాకా అన్నది దానిమీదే ఉంటుంది. సీఐఎస్ఎఫ్ జవాను చూసేది ఆ ముక్కే.

ఓఆత్ ఇచ్చేదీ అలాంటి పాసే. ఒక యాప్‌కి మీ టెన్త్ మార్కుల మెమో కావాలనుకోండి. మన పత్రాలు దాచిపెట్టే, 2015 జులైలో మొదలైన డిజిలాకర్ దాన్ని ఓఆత్ దారిలోనే ఇస్తుంది. యాప్ మిమ్మల్ని డిజిలాకర్ పేజీకి పంపుతుంది. లాగిన్ అక్కడే, కాబట్టి మీ పిన్ను యాప్ కంటపడదు. ఏ పత్రాలు, ఎన్నాళ్లు అని డిజిలాకర్ అడుగుతుంది. మీరు ఒప్పుకోగానే యాప్ చేతికి పాస్ రాదు, ముందు ఒకసారికే చెల్లే చీటీ వస్తుంది. బ్రౌజరులోంచి, నలుగురి మధ్యనుంచి వచ్చేది గనక ఆ చీటీకి విలువ తక్కువ. యాప్ సర్వరు దాన్ని పట్టుకెళ్లి, తన సొంత రహస్యం కూడా చూపిస్తేనే అసలు పాస్, అంటే టోకెన్. దాన్ని ఏపీఐ దగ్గర, అంటే యాప్‌లు సమాచారం పుచ్చుకునే కిటికీ దగ్గర చూపించాలి.

మరి ఫోన్ యాప్‌ల సంగతి? జనం చేతుల్లో తిరిగే యాప్‌లో రహస్యం దాగదు. అందుకని 2015లో 'పిక్సీ' వచ్చింది. యాప్ బయల్దేరేటప్పుడే ఒక రహస్యం అనుకుని, దాని ముద్ర మాత్రం ముందు పంపుతుంది. చీటీ మార్చుకునేటప్పుడు అసలుది చెబుతుంది. చీటీ కొట్టేసినవాడికి అది తెలీదు.

ఇక్కడివరకూ గేటు పాస్ పోలిక బాగానే నడిచింది. కానీ పాస్ మీద ఫొటో ఉంటుంది, టోకెన్ మీద ఉండదు. మామూలుగా అది బేరర్ చెక్కు, ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే. పాత 1.0లో ప్రతి అడుగుకీ సంతకం ఉండేది. కొత్తదాంట్లో తప్పనిసరి కాదన్నారు. 2.0 ముసాయిదాకి పెద్ద దిక్కైన ఎరన్ హ్యామర్, అది సాగుతున్న తీరు నచ్చక 2012 జులైలో తన పేరే తీయించేసుకున్నాడు. ఆయన కోపంలో న్యాయం ఉంది. అయితే ఆ సంతకాల లెక్క కుదరక జుట్టు పీక్కున్న ప్రోగ్రామర్లనీ తప్పుపట్టలేం. ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే గనక టోకెన్‌కి ఆయుష్షు తక్కువ పెడతారు, చాలాచోట్ల ఒక గంట.

టోకెన్ చెల్లిపోయినా మనమిచ్చిన అనుమతి ఉండిపోవచ్చు. మొన్న నా మెయిల్ సెట్టింగుల్లో ఎవరెవరికి పాస్‌లిచ్చానో చూసుకున్నాను. ఎప్పుడో మేనల్లుడి శుభలేఖ తయారుచేసిన యాప్‌కి నా ఫైళ్లన్నీ చూసే అనుమతి ఇంకా అలాగే ఉంది. వాడికిప్పుడు ఇద్దరు పిల్లలు. పాస్‌వర్డు మార్చే పని లేకుండా, ఆ ఒక్కటీ తీసేశాను.